తెల్లపాములోని రంగులు

తెల్లత్రాచు కనబడినదన్న మాట ఊరిలో పుట్టినచో, దానిని చూచినవారికంటె చూడనివారే ఎక్కువగా వర్ణింతురు. అది దేవతాసర్పమని ఒకరు, నూరేండ్లు బ్రదికి తల నెరసినట్లు ఒళ్లు నెరసినదని ఇంకొకరు, పడగలో మణి యున్నదని వేరొకరు చెప్పుదురు. ఎవరి కథ వారిదే యైనను, అందరును ఎదురాడక ఒప్పుకొను మాట యొకటి కలదు. తెల్లపామనగా రంగు లేని పాము అన్నదే ఆ మాట. విచిత్రమేమనగా, శాస్త్రజ్ఞులు అన్నిటికంటె ముందుగా కాదనునది దానినే.

ఈ సంగతి తేటపడవలెనన్న త్రాచును విడిచి, సాధువైన పాము నొకదానిని ఎన్నుకొనవలెను. దానిని జతకూర్చి, గ్రుడ్లు పొదిగించి, పిల్లల రంగులను తరతరములుగా గమనించినవారు ఉండవలెను. అట్టి పాములలో అమెరికా ఖండపు కింగ్ స్నేకు ఒకటి. అచ్చటను, ఐరోపాలోను దీనిని ఇండ్లలో గాజుపెట్టెలలో పెంచుచున్నారు. పేరు చూచి దీనిని మన రాజనాగముగా భ్రమింపరాదు. రాజనాగము త్రాచు కుటుంబమునకు చెందిన మహావిషసర్పము. కింగ్ స్నేకు విషము లేనిది. ఎరను చుట్టి, బిగించి చంపునది. అయినను రెండింటికిని రాజబిరుదము ఒకే కారణమున వచ్చినది. రెండును తోటి పాములను మ్రింగును. కింగ్ స్నేకు తోకతో గిలక వాయించు రాటిల్ స్నేకును సైతము తినును. ఆ విషము దీనిపై అంతగా పారదు. దీని శాస్త్రనామము లాంప్రోపెల్టిస్. మెరయు డాలు అని ఆ గ్రీకు మాటకు అర్థము. పొలుసుల నిగనిగను చూచినవారికి ఆ పేరు ఎందుకు పెట్టిరో వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ ప్రజాతిలో పెంపకమునకు మిక్కిలి పేరు పొందినది కాలిఫోర్నియా కింగ్ స్నేకు. మూడడుగుల యటునిటు పొడవు. నలుపుగాని ముదురు గోధుమగాని యైన యొడలు. దానిపై తెలుపు లేక లేతపసుపు కట్లు. తొలిచూపున మన కట్లపామే జ్ఞప్తికి వచ్చును. (కట్లపాము కాటు ప్రాణాంతకము గనుక ఈ పోలికను బొమ్మలలో చూచుకొనుటయే మేలు.) ఈ పాములోని ఆల్బినో తెగకు నల్లని చోటు లేత గులాబి వన్నెకు తిరుగును, కట్లు తెల్లగనో పసుపుగనో నిలిచియుండును, కన్నులు ఎర్రన. ఇంతవరకు లోకులు చెప్పు తెల్లపాముతో పెద్ద పేచీ లేదు. పేచీ దీని దాయాదుల యొద్ద వచ్చును. అదే ప్రజాతికి చెందిన మిల్క్ స్నేకుల ఒంటిపై ఎరుపు, నలుపు, తెలుపు ఉంగరములు వరుసగా నుండును. వానిలో ఆల్బినో పుట్టినచో నలుపు మాత్రమే మాయమగును. ఎరుపు ఎర్రగనే యుండును. నలుపు ప్రక్క నుండి తొలగుటచే మునుపటికంటె మండుచున్నట్లు కూడ తోచును. నిప్పుకణికవంటి ఆ పామును చూపి ఇదియు ఆల్బినోయే యన్నచో సామాన్యుడు నమ్మడు. నమ్మకపోవుట అతని తప్పు కాదు; తెలుపు అను అర్థముగల లాటిన్ మాటనుండి పుట్టిన ఆ పేరే తప్పుదారి పట్టించుచున్నది.

పాము చర్మములో రంగునకు మూలమైన కణములు ఒక్క తెగవి కావు. నలుపు, గోధుమ వన్నెల నిచ్చు మెలనిన్ అను ద్రవ్యమును తయారుచేయునవి కొన్ని. పసుపు, ఎరుపు ద్రవ్యములను దాచుకొనునవి కొన్ని. మూడవ తెగ కణములలో రంగుద్రవ్యమే లేదు. గ్వానిన్ అను పదార్థపు సన్నని స్ఫటికములు పలకలు పలకలుగా పేర్చబడి, పడిన వెలుతురును వెనుకకు త్రిప్పును. తెలుపు, వెండిమెరుపు, నీలిచ్ఛాయ ఆ పలకల పనితనము. మనుష్యునికిగాని, ఎలుకకుగాని, కుందేలునకుగాని మెలనిన్ కణము లొక్కటే దిక్కు. కావున వానిలో మెలనిన్ తయారీ నిలిచిపోయినచో మిగులునది తెలుపే. ప్రయోగశాలలోని ఎర్రకన్నుల తెల్లయెలుకను విద్యార్థులు చూచియే యుందురు; ఆ కంటి యెరుపు రంగు కాదు, అడ్డములేక కనబడు నెత్తురు. పాములోనో, నల్లని తెర తొలగినను వెనుకనున్న పసుపు, ఎరుపు, వెండి తమ తమ స్థానములలోనే యున్నవి. కాలిఫోర్నియా పాము అంత తెల్లబడుటకు కారణము నలుపు పోవుట మాత్రమే కాదు. మొదటినుండియు దానియొద్ద ఎరుపు దాదాపు లేకుండుట. అందుచేతనే శాస్త్రజ్ఞులు ఆల్బినో యను మాటను ప్రక్కనుంచి, మెలనిన్ లేనిది అను అర్థమున అమెలనిస్టిక్ అను పదమును వాడుదురు. మాట నోటికి కష్టమైనను భావమునకు సుఖము.

పాలవలె తెల్లని పాములు వేరుగా లేకపోలేదు. టెక్సాస్ ప్రాంతపు రాట్ స్నేకులలో ఒక తెగ తల మొదలు తోకవరకు మచ్చలేని తెలుపు. కాని దాని కన్ను ఎర్రన కాదు; నల్లగనో నీలముగనో యుండును. అచ్చట ఆగిపోయినది మెలనిన్ తయారీ కాదు. రంగుకణములే చర్మములో చక్కగా కుదురుకొనలేదు. ఈ స్థితికి లూసిజము అని పేరు. తెల్లపామును గుర్తించుటకు ఒంటిని కాక కంటిని చూడవలెనని చెప్పునది ఇందుకే.

ఈ రంగుల వెనుక వంశక్రమ మున్నదని పాములలో లెక్కకట్టి చూపినవాడు వృత్తిచేత చర్మవైద్యుడు. అమెరికాలోని జార్జియా రాష్ట్రమునకు చెందిన బెర్నార్డ్ బెక్టెల్ తన భార్యతో కలిసి, కింగ్ స్నేకునకు దగ్గరి చుట్టమైన కార్న్ స్నేకులను పెంచి, జతకూర్చి, ఆల్బినో లక్షణము తల్లిదండ్రులనుండి బిడ్డలకు ఎట్లు దిగుచున్నదో 1962లో ప్రకటించెను. ఆల్బినోను మామూలు పాముతో కూర్చగా పిల్లలన్నియు మామూలు రంగువే. తెలుపు అంతరించినట్లే తోచును. ఆ పిల్లలు పెరిగి తమలో తాము జతకట్టినపుడు అది మరల తల యెత్తును. మెండెల్ బఠాణీ మొక్కలలో చూచి 1866లో అచ్చు వేయించిన న్యాయమే గాజుపెట్టెలోని పామునకును చెల్లినది.

జన్యువులు జంటలుగా నుండును. తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి. జంటలో రెండును లోపించినపుడే నలుపు పోవును. ఒకటి సరిగా నున్నను చాలును, పాము నిండునలుపే. పాఠ్యపుస్తకములు దీనినే అంతర్గత లక్షణమని పిలుచును. ఒక మంచి జన్యువును, ఒక లోపజన్యువును కలిగిన విషమయుగ్మజములు రెండు జత కట్టినచో నాలుగింట ఒకటి ఆల్బినో. ఇచ్చట విద్యార్థులు తరచు పొరబడుదురు. ఎనిమిది గ్రుడ్లు పెట్టినచో రెండు తెల్లపిల్లలు తప్పక వచ్చునని లెక్కవేయుదురు. ప్రతి గ్రుడ్డునకును పాచిక విడిగా పడునని మరతురు. ఎనిమిదింటిలో ఒక్కటియు తెల్లనిది కాకుండు అవకాశము నూటికి పది. పెంచువాడు మెండెల్‌ను తిట్టుకొనునది ఆ సంవత్సరముననే.

మిగిలిన నల్లపిల్లల సంగతి ఇంతకంటె చిత్రమైనది. వానిలో మూడింట రెండు పాళ్లు లోపల తెల్లజన్యువును మోయుచున్నవి. ఏది మోయుచున్నదో, ఏది మోయుటలేదో ఒళ్లు చూచి చెప్పు ఉపాయము లేదు. అమెరికాలో పాముల నమ్మువారు అట్టి పిల్ల డబ్బాపై 66 శాతమని చీటి యంటింతురు. క్రొత్తగా కొనువాడు ఆ పాములో 66 పాళ్లు తెలుపున్నదని తలచును. పాములో ఉన్నచో జన్యువు ఉన్నది, లేనిచో లేదు. నడిమి స్థితి లేదు. ఆ అంకె పాము గుణమును కొలుచునది కాదు, అమ్మువాని అజ్ఞానమును కొలుచునది. సత్యము తేల్చుటకు ఒక పరీక్ష కలదు: పెరిగిన పిదప దానిని ఆల్బినోతో జతకూర్చవలెను. మోయునదైనచో పిల్లలలో సగము తెల్లన కావలెను. ఎనిమిదియు నల్లగా వచ్చినచో, అది మోయునదై యుండియు అట్లు జరుగు అవకాశము 256లో ఒకటి. ఈ పరీక్షయు నిరపాయమైనది కాదు. రాజబిరుదము తెచ్చిన అలవాటు పెండ్లినాడు కూడ మానదు. అందుచేత జతకూర్చుటకు ముందు రెండింటికిని కడుపునిండ ఎలుకలు పెట్టి, పిదప కన్నార్పక కాచుకొనవలెను. వరుడే విందు భోజనమగుట విననిది కాదు. మామూలు దినములలో ఒక్కొక్క పామును ఒక్కొక్క పెట్టెలో నుంచుటయు ఇందుకే.

పెంపకపుదారుల అనుభవములో ఒక చిక్కుముడి కలదు. ఒక్కొక్కపుడు తెల్లని తండ్రిని, తెల్లని తల్లిని కూర్చినను పిల్లలన్నియు నల్లగా పుట్టును. మెండెల్ న్యాయము తప్పినదని ఆశ్చర్యపడుదురు. ఈ ముడిని విప్పుటకు శ్రీకాళహస్తి కలంకారి పనివాని దగ్గరకు పోవుట మంచిది. అతడు వస్త్రమునకు ముందుగా కరక్కాయ పట్టించును. బెల్లము, తుప్పుపట్టిన ఇనుము కలిపి పులియబెట్టిన నీటితో దానిపై గీత గీయును. కరక్కాయలోని వగరును, నీటిలోని ఇనుమును కలిసినపుడే గీత నల్లబడును. ఒక పనివాని యొద్ద ఇనుపనీరు లేదనుకొందము, గీతయే పడదు. వేరొకని వస్త్రమునకు కరక్కాయ పట్టలేదనుకొందము. వెలవెలబోయిన మరక యేదో మిగులును గాని నలుపు తేలదు. ఇరువురి వస్త్రములలోను నలుపు లేదు, కారణములు వేరు. మొదటివాని వస్త్రమును, రెండవవాని నీటిని ఒకచోట చేర్చినచో నల్లగీత చక్కగా పడును. రెండు వేర్వేరు లోపములుగల తెల్లపాముల పిల్లలు నల్లగా పుట్టుటయు ఇట్టిదే. తల్లికి లేనిది తండ్రి ఇచ్చెను. తండ్రికి లేనిది తల్లి ఇచ్చెను.

మెలనిన్ ఒక్క యడుగులో తయారగునది కాదు. టైరోసిన్ అను అమినో ఆమ్లమునుండి మొదలై మెట్లు మెట్లుగా సాగవలెను. మొదటి మెట్టును నడుపు ఎంజైమునకు టైరోసినేజు అని పేరు. అదియే పనిచేయనిచో నలుపు జాడ కూడ ఉండదు. అది పనిచేయుచు, తరువాతి యేర్పాటు ఏదియో చెడినచో కొంత మెలనిన్ ఏర్పడి గోధుమచ్ఛాయగాని, ఊదాచ్ఛాయగాని మిగులవచ్చును. కాలిఫోర్నియా పాములలో లావెండర్ అను పేరుతో అమ్మబడు ఊదావన్నె తెగ చూపరులను ఆకర్షించునది ఇట్టి మెత్తని ఛాయచేతనే. చర్మపు తునకను డోపా అను రసాయనములో నుంచినచో టైరోసినేజు ఉన్నది నల్లబడును, లేనిది నల్లబడదు. దీనినిబట్టియే పెంపకపుదారులు టి-ప్లస్, టి-మైనస్ అని రెండు తెగలను పేర్కొందురు. ఇట్టి లోపములను పుట్టుకతో వచ్చిన రసాయనలోపములుగా భావింపవలెనని ఆంగ్లవైద్యుడు ఆర్చిబాల్డ్ గారడ్ 1908 నాటి ఉపన్యాసములలోనే చెప్పియుండెను. ఆయన యెన్నుకొన్న ఉదాహరణములలో ఆల్బినిజమొకటి.

జన్యువును వ్రేలుపెట్టి చూపుటకు మాత్రము మరి నూరేండ్లు పట్టెను. 2015లో జెనీవా విశ్వవిద్యాలయపు పరిశోధకులు ఆల్బినో కార్న్ స్నేకులలో చెడినది టైరోసినేజు జన్యువు కాదని, ఓసీఏ2 అను వేరొక జన్యువని తేల్చిరి. జన్యుపదార్థములో ఒకచోటినుండి ఒకచోటికి దూకు స్వభావముగల తునక యొకటి వచ్చి ఆ జన్యువు నడుమ జొరబడి యుండెను. 2022లో వెలువడిన వేరొక పరిశోధన ఉపాధ్యాయులకు ముచ్చట గొల్పునట్టిది. అమెరికాలో ఈస్టర్న్ మిషిగన్ విశ్వవిద్యాలయమున హానా సైడెల్ అను ఆచార్యురాలు, ఆఫ్రికాకు చెందిన బాల్ పైథాను అను చిన్న కొండచిలువలను పరిశీలింపదలచెను. పాములను కొనలేదు, కోయలేదు. పెంచుచున్నవారు టపాలో పంపిన కుబుసములనుండి జన్యుపదార్థమును తీసి, విద్యార్థులతో కలిసి పరిశీలించెను. లేతవన్నె తెగలు మూడింటికి మూడు వేర్వేరు జన్యువులు కారణమని తేలినది: ఒకదానిలో టైరోసినేజు, ఒకదానిలో ఓసీఏ2, మూడవదానిలో టీవైఆర్‌పీ1. పాము విడిచి పారవేసిన పొరలో దాని వంశచరిత్ర వ్రాయబడి యున్నదన్నమాట. కుబుసము దొరికినచో పిల్లలు పుస్తకములలో దాచుకొనుట మన పల్లెలలోను కలదు. దానిని పాఠముగా మార్చినవారు వీరు.

రంగు ఒకటి, దానిని పరచు చిత్తరువు ఒకటి. ఈ రెండును వేర్వేరుగా సంక్రమించునని కూడ కాలిఫోర్నియా పామే నేర్పినది. సాన్ డియాగో ప్రాంతములో ఈ పాములకు అడ్డకట్లకు మారుగా వీపు పొడవునా నిలువుచార కలవి కనబడును. చాలకాలము వానిని వేరు జాతిగా లెక్కించిరి. ఆ నగరపు విద్యుత్ కంపెనీలో ఇంజనీరుగా నుండి సర్పశాస్త్రమున ప్రసిద్ధి పొందిన లారెన్స్ క్లాబర్, ఒకే తల్లి పెట్టిన గ్రుడ్లనుండి చారలవియు, కట్లవియు పుట్టుటను 1936లో వెల్లడించెను. రెండు జాతులు ఒక్కటైపోయినవి. నేడు పెంపకపుదారులు చారను, తెలుపును ఒకే పాములో కూర్చి అమ్ముచున్నారు. కార్న్ స్నేకులలో నలుపు లేని తెగను, ఎరుపు లేని తెగను కలిపి, రెండవ తరమున పదునారింట ఒకటిగా పుట్టు దాదాపు తెల్లని పామునకు స్నో, అనగా మంచు, అని పేరు పెట్టిరి. ఎనిమిది గ్రుడ్లలో అట్టిది ఒక్కటియు రాకుండు అవకాశము నూటికి అరువది. అంగడిలో దానికి ధర యెక్కువ పలికినచో ఆశ్చర్యమేమున్నది?

ధర పలుకునది రంగు, బ్రదుకునది పాము. కంటిలో మెలనిన్ లేని ప్రాణికి తీక్షణమైన వెలుతురు బాధాకరము గనుక పెట్టెలో మసకదీపము, దాగుకొనుటకు చీకటి గూడు ఉండవలెను. చక్కగా పోషించినచో ఈ పాము ఇరువది యేండ్లు బ్రదుకును. పదియేండ్ల బాలుడు ముచ్చటపడి కొన్న పాము అతనికి ఉద్యోగము వచ్చు నాటికిని ఎలుకలకై ఎదురుచూచుచునే యుండును. విసిగినవాడు పెట్టె మూత తీసి తోటలో విడుచుట సులభము. మూత సరిగా లేనిచో పాము తానే పోవును.

అట్లు పోయినవాని కథ అట్లాంటిక్ సముద్రములో స్పెయిన్ దేశమునకు చెందిన గ్రాన్ కనారియా ద్వీపమున కనబడును. కనారీ ద్వీపములలో స్వతస్సిద్ధముగా పామన్నది లేదు. అట్టి చోట పెంపుడు వర్తకము ద్వారా వచ్చిన కాలిఫోర్నియా కింగ్ స్నేకు 1998లో బయట కనబడినది. కొలది సంవత్సరములలో కొండలోయలలో స్థిరపడి గ్రుడ్లు పెట్టినది. సహజారణ్యములలో ఆల్బినో అత్యంత విరళము. గ్రద్ద కంటికి దూరమునుండియే చిక్కును. ఈ ద్వీపములో పట్టుబడినవానిలోనో, ఆల్బినోలు పలుమారు కనబడినవి. వాని తాతముత్తాతలు గాజుపెట్టెలలో, ఎన్నుకొన్న తెలుపుకొరకు జతకూర్చబడినవారనుటకు ఇంతకంటె సాక్ష్యమక్కరలేదు. పాము ఎక్కువకాలము నేలలోపలనే గడపుటచేత తెల్లనిదియు బ్రదికి బట్టకట్టినది.

ఆ ద్వీపమునకే చెందినది, లోకములో సహజముగా వేరెచ్చటను లేనిది, రెండడుగులకు మించి పెరుగు పెద్దబల్లి యొకటి కలదు. పండ్లు తిని విత్తనములను వెదజల్లుట దాని పని. దానితోపాటు నున్నని యొడలుగల నలికిరి జాతి యొకటి, గోడబల్లి జాతి యొకటి అచ్చటివే. పాము చేరిన చోట్లను, చేరని చోట్లను పోల్చి జూలియన్ పికే, మార్తా లోపెజ్-దారియాస్ అను పరిశోధకులు 2021లో ఫలితములను ప్రకటించిరి. పాము చేరిన చోట పెద్దబల్లి నూటికి తొంబదికి పైగా, నలికిరి ఎనుబదికి పైగా, గోడబల్లి ఏబదికి పైగా తగ్గిపోయినవి. తోటి పాములు దొరకని రాజు బల్లులతో పూట గడుపుకొనుచున్నది.

2011లో ఐరోపా సమాఖ్య ధనసహాయముతో ఈ పాములను అదుపుచేయుటకు ప్రత్యేకప్రణాళిక మొదలై 2015 వరకు నడచినది. దాని పిదపను పట్టుట ఆగలేదు. నేటికిని ప్రతి వసంతమున పనివారు రాళ్లు తిరుగవేసి, నేలపై పరచిన పలకలెత్తి వెదకుచున్నారు. తెల్లది త్వరగా కంటబడి సంచిలో పడును. నల్లది, దానిలోపల తెల్లజన్యువు ఉన్నను లేకున్నను, మరియొక రాతి క్రిందికి జారిపోవును.